కంటికి రెండు వేళ్ళ కింద

పోయిన శనివారం ఇక్కడ టెక్సస్‌లో, ప్లేనోలో మేమెప్పుడూ వెళ్ళే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. బీరకాయలు ఏరడం నాకు చేతకాదనీ, నేను తెచ్చినవాటిలో ఒకటైనా చేదుగా తేలుతుందనీ మా ఆవిడ ఏనాడో తీర్మానించేసింది కనక, లోపల ఆ కార్యక్రమం నడుస్తున్నంతసేపూ నేను బయట తిరుగుతుంటాను. పక్కనే ఖాళీ పార్కింగ్ లాట్‌లో గుమ్మడికాయల సంత పెట్టారు. ఎండుగడ్డి మోపులు, ఎర్రటి గుమ్మడికాయల గుట్టలు, పిల్లలు ముట్టుకోవడానికని ఇనప కంచె వేసి అందులో రెండు మేకలు, ఒక పొట్టి గుర్రం, ఒళ్ళంతా ఉన్నితో, పొడుగు మెడతో ఒకే ఒక్క అల్పాకా. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అది మెడ బిర్రబిగించి, చెవులు వెనక్కి పెట్టి, ముక్కుతో సన్నగా మూలుగుతోంది. చూడగానే నా కాళ్ళు ఆగవు కదా. దాని హాల్టర్, అంటే తలకి తొడిగే పట్టీ, కిందికి జారి ముక్కు మెత్తటి భాగం మీద కూర్చుంది. టోపీ పెట్టుకున్న కాపలా మనిషిని అడిగి, కంచెలోకి దూరి, చెవుల వెనక బకిల్ వదులు చేసి, ముక్కు మీది పట్టీని పైకి జరిపి, కంటికి రెండు వేళ్ళ కింద ఎముక మీద నిలబెట్టి, మళ్ళీ బిగించాను. దాని మూలుగు తగ్గింది. "నీకూ అల్పాకాలున్నాయా?" అన్నాడు ఆయన. "లేవు. ఒకప్పుడు ఒకటుండేది. అదీ నాది కాదు," అన్నాను.

నేను పశువుల డాక్టర్ని. ఒంగోలు దగ్గర ఒక మండల పశువైద్యశాలలో పద్నాలుగేళ్ళు చేశాను. అడ్డం తిరిగిన దూడల్ని భుజం దాకా చెయ్యి పెట్టి తిప్పాను, కుమ్మే గిత్తల చేత సూదులు వేయించుకున్నాను. అంటే వాటికి వేశాననుకోండి, మధ్యలో ఒకటి రెండు నాకూ గుచ్చుకున్నాయి. నేను స్కూటర్ ఆపితే చాలు "డాక్టరు గారొచ్చారు" అని ఊరంతా వినపడేది. అలాంటివాణ్ణి, పదమూడేళ్ళ క్రితం మా ఆవిడకి సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్-వన్ వీసా వస్తే, ఆవిడ వెనక, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని హెచ్-ఫోర్ మీద అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో దిగాను. డిపెండెంట్ అంటారు. ఆ మాట వీసా కాగితాల్లో చూసినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుల్లో "మీరు ఏ కంపెనీ అండీ?" అని అడిగినప్పుడే తెలిసొచ్చింది. "మా ఆవిడ ఫలానా కంపెనీ" అనేవాణ్ణి. "ఓ, మీరూ?" అనేవాళ్ళు. పశువుల డాక్టర్నంటే ఒకాయన పొట్ట పట్టుకుని నవ్వి, ఆ తర్వాత పక్కకి తీసుకెళ్ళి తన కుక్క దురద గురించి అరగంట అడిగాడు. ఇక్కడ లైసెన్స్ కావాలంటే పరీక్షలూ, మళ్ళీ చదువూ. అవన్నీ అయ్యేదాకా నా చేతికి స్టెతస్కోపు ఇచ్చే దిక్కు లేదు. ఇంట్లో మా ఆవిడ చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో ఉండేది. నేను అన్నం వండి, గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేవాణ్ణి. ఆ చప్పుడు కాకపోవడం మెల్లగా నాకు కూడా అలవాటైపోయింది. మాకు పిల్లల్లేరు.

ఆవిడ ఇంటినుంచి పనిచేసే రోజుల్లో కారు నాది. ఊరికే తిరిగేవాణ్ణి. అలా ఒకరోజు ముప్పావుగంట దూరంలో ఒక పల్లె రోడ్డు పక్క కంచె మీంచి పొడుగు మెడలు రెండు నన్నే చూశాయి. అల్పాకా అంటే ఒంటెకి దూరపు చుట్టం, గొర్రె కన్నా కాస్త ఎత్తు, ముఖాన చూడబోతే ఎవరో పలకరిస్తే ఏం చెప్పాలో తెలియని కొత్త పెళ్ళికొడుకు. కారు ఆపి చూస్తూ నిలబడ్డాను. లోపల్నుంచి రబ్బరు బూట్లేసుకున్న ఒక పెద్దావిడ కుంటుకుంటూ వచ్చి, "ఏం కావాలి హనీ?" అంది. ఆ ప్రాంతపు ఆడవాళ్ళు పోస్ట్‌మ్యాన్‌ని కూడా హనీ అంటారని నాకప్పటికి తెలియదు. ఆ సంగతి మా ఆవిడకి చాలా రోజులు చెప్పలేదు.

ఆ పెద్దావిడ భర్త పోయారు. తుంటి ఎముక పాడైంది. ఫార్మ్ అమ్మేసి, నెలన్నరలో వేరే రాష్ట్రంలో కూతురి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోతోంది. మంద మొత్తాన్నీ ఒక పెంపకందారు తీసుకెళ్ళాడు, ఈ రెండు మగపిల్లల్ని మాత్రం తనకి అక్కర్లేదని వదిలేశాడు. ఎనిమిది నెలల వయసు, తల్లుల్ని ఎక్కించుకుని ట్రైలర్ బండి వెళ్ళి వారమైంది. తెల్లదాని పేరు బిస్కట్, గోధుమరంగుదాని పేరు మఫిన్. కొండల వైపు ఉండే ఒక రిటైరైన టీచరమ్మ ఈ రెండింటినీ తీసుకుంటానంది, కానీ ఒక షరతు. ఆవిడ ఒంటరి మనిషి, మోకాళ్ళ నొప్పులు, వెంటపడి పట్టుకోలేదు. రెండూ హాల్టర్ వేయించుకుని, తాడు పట్టుకుంటే తనతో నడవాలి. నడవనిదాన్ని తీసుకోదు. మిగిలిపోయింది వేలానికి వెళ్తుంది. అల్పాకా జత లేకుండా బతకదు, మేత మానేసి ఎండిపోతుంది. ఇదంతా పెద్దావిడ చెప్పి, "నా తుంటితో వీటిని పట్టడం నావల్ల కాదు, నువ్వు డాక్టర్‌వంటున్నావు కదా," అంది. పది నెలల తర్వాత ఒకళ్ళు నన్ను డాక్టర్ అన్నారు. జీతం లేదు, వీసాకి ఇబ్బందీ లేదు. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. బిస్కట్ మంచివాడు, తల వంచి తొడిగించుకున్నాడు. మఫిన్ బెదురుగొడ్డు, మూలకి పోయి వణికాడు. నేను నా పద్నాలుగేళ్ళ అనుభవాన్ని బయటికి తీశాను. మన దగ్గర ఎద్దుని అదుపులో పెట్టేది ముకుతాడు. బలమంతా ముక్కులో ఉంటుంది, ముక్కు దొరికితే వెయ్యి కిలోల గిత్త కూడా పిల్లి. అందుకని పెద్దావిడ చెప్పేది పూర్తిగా వినకుండానే, హాల్టర్ పట్టీని బాగా కిందికి, నాసికా రంధ్రాల దగ్గరికి లాగి బిగించాను. పెద్దావిడ "నో నో" అంటూనే ఉంది. అల్పాకా ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చడం దానికి ఇంచుమించు రాదు. ఎముక సగం దూరంలోనే అయిపోతుంది, ఆ కింద అంతా మెత్తటి మృదులాస్థి. పట్టీ దాన్ని నొక్కేసింది. మఫిన్ ఒక్కసారి వెనక కాళ్ళ మీద లేచి, వెల్లకిలా పడి, కళ్ళు తేలేసి, మెడ నేల మీద పరిచేశాడు. పెద్దావిడ ఆ తుంటితోనే పరిగెత్తుకొచ్చి బకిల్ ఊడదీసింది. వాడు దగ్గి, లేచి, బిస్కట్ వెనక దాక్కున్నాడు. ఆవిడ నన్ను తిట్టలేదు. చేతులకంటిన మట్టి దులుపుకుంటూ, "నీ ముక్కు ఎవరైనా పట్టుకుంటే నువ్వేం చేస్తావు హనీ?" అంది. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. పశువుల భయం పోగొట్టడం నా వృత్తి. బెదురుతున్నవాడికి అసలైన భయం నేర్పింది నేనే. ఇప్పుడు వాడు వేలానికి పోతే దానికి కారణం కూడా నేనే.

మర్నాటినుంచి హాల్టర్ ముట్టుకోలేదు. కొట్టంలో నాలుగు ఇనప తడికలతో కట్టిన చిన్న దొడ్డిలో, ఇద్దరినీ ఉంచి, బక్కెట్టు బోర్లించుకుని ఒక మూల కూర్చునేవాణ్ణి. కళ్ళలోకి చూడకూడదు, చెయ్యి ముందుకి చాపకూడదు, అంతే పెద్దావిడ పెట్టిన నియమం. ఊరికే కూర్చుంటే ఎంతసేపని? మాట్లాడటం మొదలెట్టాను. తెలుగులోనే. మొదట వాతావరణం గురించి, తర్వాత మా కాంపౌండర్ చెరువుగట్టున గాలికుంటు టీకాల పెట్టె మీద కూర్చుని నిద్రపోయి దాంతోపాటు చెరువులో పడ్డ వైనం, తర్వాత పాట్‌లక్‌లో పొట్ట పట్టుకుని నవ్వినాయన గురించి. ఆ తర్వాత, ఎవరికీ చెప్పనివి. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయినా గడ్డం గీసుకుంటున్నానని. సాయంత్రం మా ఆవిడ హెడ్‌సెట్ తీసే టైముకి నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండటం లేదని. బిస్కట్ మేస్తూ ఉండేవాడు. మఫిన్ మాత్రం ఒక చెవి నా వైపు తిప్పి వినేవాడు. అల్పాకా "ఊఁ" అని మూలుగుతుంది, చివర కాస్త పైకి లేస్తుంది, అచ్చం "ఆ తర్వాత?" అన్నట్టు. ఒంటరిగా ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలండీ! రోజుకి నాలుగు గంటలు మాట్లాడాను.

ఎనిమిదో రోజున వాడే వచ్చి నా భుజం వాసన చూశాడు. పదో రోజున, వాడి కళ్ళకి కాస్త వెనకగా, భుజం పక్కన నిలబడి, మెడ మీద చెయ్యి ఆనించి, హాల్టర్ వెడల్పుగా తెరిచి, మెల్లగా పైకి తొడిగి, కంటికి రెండు వేళ్ళ కింద ఎముక మీద ఆపి, చెవుల వెనక బిగించాను. పది నిమిషాలు ఉంచి, వాడు విసుక్కోకముందే తీసేశాను. తర్వాత తాడు. లాగకూడదు. ఒక్క చిన్న పిలుపంత బిగువు ఇచ్చి ఆగాలి, వాడు బరువు ఇటు వాల్చిన క్షణంలో వదులు చెయ్యాలి. ఆ వదులే వాడికి బహుమానం. నేను దానికి ఇంకో మాట కూడా కలిపాను. "పద నాన్నా" అనేవాణ్ణి. వాడు అడుగు వేసేవాడు. నెల తిరిగేసరికి ఆ గోధుమరంగు పిల్లాడు నా పక్కన గేటు దాకా, గేటు నుంచి వేపచెట్టులాంటి ఒక పెద్ద చెట్టు దాకా, ఏదో పేరంటానికి వెళ్తున్నంత దర్జాగా నడిచాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

నెలన్నరలో రెండు వారాలు మిగిలుండగా టీచరమ్మ చూడ్డానికొచ్చింది. నెమ్మదైన మనిషి. బిస్కట్ తాడు పట్టుకుంది, నడిచాడు. మఫిన్ తాడు పట్టుకుంది. వాడు నాలుగు కాళ్ళూ నేలలో నాటేశాడు. పెద్దావిడ పట్టుకున్నా అంతే. నేను దూరాన్నుంచి అలవాటుకొద్దీ "పద నాన్నా" అన్నాను. వాడు తాడు లాక్కుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. టీచరమ్మ చెయ్యి ఒరుసుకుపోయింది. ఆవిడ కోప్పడలేదు కానీ, "రెండు వారాల్లో ట్రైలర్ తెస్తాను. అప్పటికీ ఇంతే అయితే తెల్లదాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్ళి వేరే దానితో జత చేస్తాను, సారీ," అంది. కారు వెళ్ళాక పెద్దావిడ నా వంక చూసి, "వాడు తాడు మాట వినడం లేదు హనీ, నీ గొంతు వింటున్నాడు. ఇక మాట్లాడకు," అంది. అంత సులువుగా చెప్పేసింది. నేను వాడికి నడక నేర్పాననుకున్నాను. నిజానికి వాడికి నేర్పింది నా గొంతుని. నాకు వినేవాళ్ళు కావలసి వచ్చి, వాణ్ణి నాకు కట్టేసుకున్నాను. మొదటిసారి ముక్కు బిగించాను, రెండోసారి ఇంకెక్కడో.

ఆ రోజు నుంచి నోరు కట్టేసుకున్నాను. దొడ్డిలోకి వెళ్తే వాడు "ఊఁ?" అనేవాడు. నేను పలికేవాణ్ణి కాదు. నా చుట్టూ తిరిగి, జేబు వాసన చూసి, మళ్ళీ "ఊఁ?" అనేవాడు. చెప్పకూడదు గానీ, కొట్టం వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చిన రోజులున్నాయి. మాట లేకుండా తాడుతోనే మొదలెట్టాం. తర్వాత పెద్దావిడ తాడు పట్టుకుంటే నేను పక్కన, ఆ తర్వాత పది అడుగుల వెనక. కొత్తవాళ్ళతో కూడా నడవాలి, మూడో మనిషి కావాలంది పెద్దావిడ. నాకు అప్పటికి ఈ దేశంలో తెలిసిన మూడో మనిషి ఒక్కతే.

శనివారం మా ఆవిడ తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది. "ఇవి ఉమ్ముతాయటగా, నిజమేనా?" అని కారు దిగకుండానే అడిగింది. ఉమ్ముతాయి కానీ మనుషుల మీద తక్కువని చెప్పాను. ఆవిడకి కోడిపిల్లన్నా భయమే. అయినా తాడు పట్టుకుంది. ఇద్దరు పిరికివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ అరగజం అరగజం నడిచారు. నేను షెడ్డు గోడ చాటునుంచి చూస్తున్నాను. మూడో చుట్టులో పెద్దావిడ మా ఆవిడతో అంటున్న మాటలు నాకు స్పష్టంగా వినపడ్డాయి. "మీ ఆయన రోజుకి నాలుగు గంటలు వాడితో మాట్లాడేవాడు. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వినడానికి బావుంటుందని నేను రేడియో పెట్టడం మానేశాను. నానా నానా అనేవాడు, అంటే ఏంటి?" మా ఆవిడ నడక ఆపింది. మఫిన్ మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పటిదాకా భయపడ్డ మనిషి. "మా వైపు పిల్లల్ని అలా పిలుస్తారు," అంది.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక మా ఆవిడ అంది, "నాలుగు గంటలా?" నేను స్టీరింగ్ వంక చూశాను. "ఇంట్లో ఉప్పు సరిపోయిందా అంటే ఊఁ, కారు సర్వీస్ చేయించారా అంటే ఊఁ. నేనేమో మీకు ఇక్కడ నచ్చట్లేదు, నన్ను తిట్టుకుంటున్నారు అనుకుంటున్నా. ఆ మూగజీవికి చెప్పినవి నాకు చెప్తే ఏం, నేనేమైనా ఉమ్ముతానా?" నవ్వొచ్చింది నాకు, కానీ ఆవిడ నవ్వడం లేదు. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. "చెప్పండి, ఇంకా ముప్పై నిమిషాలుంది ఇంటికి," అంది. ముకుతాడు సంగతి చెప్పాను. వాడి ముక్కు ఎలా బిగించానో, ఎలా పడిపోయాడో. అదొక్కటే చెప్పగలిగాను. ఇంటి ముందు కారు ఆపాక కూడా ఆవిడ దిగలేదు. మిగతాది నేను చెప్తాననుకుంది. అల్పాకాకి చెప్పినంత సులువు కాదు మనిషికి చెప్పడం, మనిషికి అర్థమవుతుంది కదా.

ట్రైలర్ వచ్చిన రోజు ఎండగా ఉంది. నేను కనిపిస్తే వాడు నా దగ్గరికే వస్తాడని, పెద్దావిడ నన్ను షెడ్డు వెనక నిలబెట్టింది. చెక్కల సందులోంచి చూశాను. టీచరమ్మ బిస్కట్‌ని ఎక్కించింది. తర్వాత మఫిన్ తాడు అందుకుంది. హాల్టర్ సరిగ్గా పెట్టిందావిడ, కంటికి రెండు వేళ్ళ కింద. వాడు గేటు దాటాడు, చెట్టు దాటాడు, ట్రైలర్ వాలుచెక్క ముందు ఆగాడు. అమ్మని ఎక్కించుకుపోయింది కూడా అలాంటి ట్రైలరే కదా. తాడు కాస్త బిగిసింది. వాడు కదల్లేదు. మెడ వెనక్కి తిప్పి, రెండు చెవులూ నిక్కించి, నేను రోజూ కూర్చునే దొడ్డి వైపు చూసి "ఊఁ?" అన్నాడు. టీచరమ్మ పెద్దావిడ వంక చూసింది. నా నాలుక మీద రెండు మాటలున్నాయి. పలికితే వాడు కదులుతాడు, కానీ నా వైపు కదులుతాడు. తాడు లాక్కుని వస్తాడు, వేలానికి వెళ్తాడు. చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నాను. మళ్ళీ "ఊఁ?" అన్నాడు. మూడోసారి ఇంకొంచెం చిన్నగా అన్నాడు. అప్పుడు ట్రైలర్ లోపల్నుంచి బిస్కట్ మూలిగాడు. టీచరమ్మ ఏమీ అనకుండా తాడు వదులు చేసి ఆగింది. మఫిన్ వాలుచెక్క మీద ఒక కాలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత దొడ్డి వైపు చూడకుండా ఎక్కేశాడు.

పెద్దావిడ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, "మంచి పని చేశావు డాక్టర్," అంది. ఆ ఒక్కసారీ హనీ అనలేదు. మరో వారానికి ఆవిడా వెళ్ళిపోయింది. ఆ క్రిస్మస్‌కి టీచరమ్మ ఒక ఫోటో పంపింది. ఇద్దరూ మంచులో నిలబడి, పక్క పక్కనే. ఫోటో పెద్దది చేసి పట్టీ ఎక్కడుందో చూశాను, సరిగ్గానే ఉంది. ఆ తర్వాత కబురు లేదు. మేం టెక్సస్ వచ్చేశాం. వర్క్ పర్మిట్ వచ్చాక నాకొక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, ఇప్పుడు పశువులన్నీ నా దగ్గరికి గొట్టాల్లో రక్తంగా వస్తాయి. ఏదీ మూలగదు. సాయంత్రాలు మా ఆవిడా నేనూ మా ఇళ్ళ కమ్యూనిటీ చుట్టూ నడుస్తాం. కొంచెం మాట్లాడతాను. ఆవిడ వింటుంది. ఆ ముప్పై నిమిషాల్లో చెప్పలేకపోయింది మాత్రం ఇంకా పూర్తిగా చెప్పలేదు.

గుమ్మడికాయల సంతలో ఆ అల్పాకా పట్టీ సర్ది బయటికి రాబోతుంటే, అది మెడ తిప్పి, చెవి నా వైపు పెట్టి "ఊఁ?" అంది. జత లేదు పాపం దానికి. ఏమైందో నాకు, "పద నాన్నా," అన్నాను. పైకే అన్నాను. టోపీ ఆయన వింతగా చూశాడు. చేతుల్లో రెండు సంచులతో వెనక నిలబడ్డ మా ఆవిడ గొంతు వినపడింది.

"వాడు కాదండీ," అంది, చాలా మెల్లగా.

"తెలుసు," అన్నాను. సంచులు అందుకున్నాను. షెడ్డు వెనక కాలరు కొరికి ఆపుకున్న ఆ రెండు మాటలు నోటిదాకా రావడానికి పన్నెండేళ్ళు పట్టింది, వినాల్సినవాడు మాత్రం ఆ పన్నెండేళ్ళూ నేను లేకుండానే నడుస్తున్నాడు.